చిన్న త్రిభుజం

మంగళవారం చట్టం. గురువారం అర్థశాస్త్రం.
లియేజ్‌లో, మ్యూజ్ నది ఒడ్డున, మూడో అంతస్తు,
రేడియేటర్ పక్క బల్ల నాది.
నాకు యాభై రెండు. మిగతావాళ్లకి ఇరవయ్యో, ఇరవై రెండో.
మొదటి రోజు నేనే మాస్టారిననుకుని
మాటలాపేశారు పాపం.

హౌవార్ట్స్ గారు మంగళవారాల్లో
నూట ఒకటో అధికరణం విప్పుతారు,
చేప ముళ్లు తీసినంత ఓపికగా.
ఒప్పందానికి సంతకం అక్కర్లేదట.
కాగితం అక్కర్లేదు, చేతులు కలపక్కర్లేదు.
రేపటి ధర ఒకడు చెబుతుంటే
ఇంకొకడు లేచి పోకుండా కూర్చుంటే చాలు,
కూర్చున్న కుర్చీయే సాక్ష్యం.

నేను నోట్సు రాసుకోలేదు.
ఆ కుర్చీలు వేయించింది నేనే.

అప్పట్లో సిమెంటు కంపెనీలో అమ్మకాల గుమాస్తాని.
ఆర్డెన్ అడవిలో వేటగాళ్లు దిగే హోటలు,
ఏడాదికి నాలుగుసార్లు, నలుగురు పెద్దమనుషులకి గదులు.
పుట్టగొడుగుల సంఘం అని పేరు రాయించేవాణ్ని.
ఏప్రిల్లోనూ పుట్టగొడుగులే. ఫిబ్రవరిలోనూ.
ఏం దొరికాయని హోటలామె ఒక్కసారీ అడగలేదు.
బస్తాకి ముప్ఫై సెంట్లు పైకి,
దక్షిణం నీకు, నది అవతల నాకు,
కాఫీ చల్లారేలోపు అయిపోయేది కుమ్మక్కు.
తర్వాత భోజనం, రెండు గంటలు.
బిల్లు దగ్గర మాత్రం ఒకరినొకరు తోసుకునేవారు
నేనిస్తానంటే నేనిస్తానని.
వాళ్ల మధ్య నేను చూసిన పోటీ అదొక్కటే.

గురువారం డెల్వీన్ మేడమ్‌కి నేరంతో పనిలేదు.
సుద్దముక్కతో ఏటవాలుగా ఒక గీత, అది గిరాకీ.
అడ్డంగా కింద ఒకటి ఖర్చు, పైన ఇంకొకటి ధర.
మధ్యలో ఏర్పడ్డ డబ్బాని వేలితో తట్టి
"ఇది జేబు మారిన డబ్బు. పోలేదు, ఎక్కడో ఉంది" అంది.
పక్కన మిగిలిన చిన్న త్రిభుజాన్ని
సుద్ద అరిగేదాకా నింపుతూ అంది:
"ఇది ఎవరి జేబులోకీ వెళ్లలేదు.
ధర చూసి వెనక్కి తిరిగినవాళ్లు వీళ్లు.
రసీదు లేదు కనక కోర్టుకీ రాలేరు."

లాట్వియా అమ్మాయి ఇల్జె చెయ్యెత్తింది:
"వాళ్లెవరో ఎలా తెలుస్తుంది?"
"తెలియదు. వైశాల్యం తెలుస్తుంది, అంతే."

నాకొకడు తెలుసు.
మా వీధిలో ఫ్లోరిమాన్, బస్సు డిపోలో మెకానిక్కు,
గ్యారేజీ గోడ మోకాలెత్తు లేపి ఆపేశాడు.
"వచ్చే ఏడాది, రేటు దిగితే" అన్నాడు
కంచె అవతల నుంచి, నాతోనే.
దిగదని నాకు తెలుసు.
వాన పడేట్టుందని ఏదో అన్నాను.
పదకొండేళ్లు ఆ గోడ మీద అతని పిల్లి ఎండ కాగింది.

పోయిన మంగళవారం చదవమన్న నిర్ణయాల్లో మాది వచ్చింది.
రెండువందల పేజీలు. ఎవరెంత కట్టారో,
అందరికన్నా ముందు నోరు విప్పినవాడికి ఎంత మాఫీ అయిందో.
నూట నలభయ్యో పాదసూచికలో ఒకే వాక్యం:
గదులు ఒక ఉద్యోగి ఏర్పాటు చేసేవాడు.
పేరు ఉండాల్సిన చోట మూడు చుక్కలు.

ఇల్జె పెన్సిలుతో దానికింద గీసి నా వైపు జరిపింది:
"వీడికి తెలుసంటారా, ఆ గదుల్లో ఏం జరిగేదో?"

ఆ ప్రశ్న నన్ను అప్పుడెవరూ అడగలేదు.
మూడు చుక్కలూ ఒకే వరసలో ఉన్నాయి.
ఎన్నిసార్లు కలిపినా గీతే వస్తుంది.
త్రిభుజం కావాలంటే ఒక చుక్క
వరస తప్పి బయటికి రావాలి.

"పిల్లి పేరు బిజూ" అన్నాను.
ఆమెకేం అర్థమవుతుంది?
మళ్లీ మొదలుపెట్టాను,
ఈసారి కుర్చీల దగ్గర్నుంచి.